వ్యాజ్యమా? వసూలా?

(ఒక పఠనమందిరమున మేము గావించిన యుపన్యాసము)



పాట కట్టినవానికిని పాడినవానికిని ప్రతిఫలము దక్కవలెననుటలో మాకు సందేహము లేదు. పరుల కృషిఫలమును వెల యియ్యక పంచిపెట్టుట ధర్మము కాదు. కాని హక్కు న్యాయమైనదైనంత మాత్రమున దానిని సాధించుకొను మార్గమెల్ల న్యాయమగునా? వకీలు వృత్తిలోనున్న మమ్ము చిరకాలముగ వేధించుచున్న ప్రశ్న యిది. దీనిని విచారించుటకు అమెరికాదేశమున జరిగిన యొక వృత్తాంతమును మీ ముందుంచెదము.

1999 వ సంవత్సరమున నాప్‌స్టర్ అను సాధనము వెలసెను. దానివలన ఒకని కంప్యూటరులోని పాట ఇంటర్నెట్టు ద్వారా వేరొకని కంప్యూటరునకు కాసు ఖర్చు లేకయే చేరసాగెను. రికార్డు కంపెనీలు దావా వేసి 2001 లో దానిని మూయించెను. అంతట కజా మొదలగు క్రొత్త సాధనములు పుట్టెను. సాధనములపై దావాలతో తృప్తినొందక కంపెనీలు వినువారిపైననే పడెను. వారి సంఘమగు ఆర్.ఐ.ఎ.ఎ. నాయకత్వమున 2003 సెప్టెంబరులో నొక్కనాడే 261 దావాలు దాఖలయ్యెను. అందొకటి పండ్రెండేండ్ల బాలికపై వేయబడినది! తల్లి 2,000 డాలర్లు చెల్లించి రాజీపడెను.

ఆ బాలిక తల్లివలె రాజీపడినవారే యెక్కువ. ఏల? ఆ దేశపు చట్టము ప్రకారము నిజమైన నష్టమును రుజువు చేయకయే ఒక్కొక్క కృతికి 750 మొదలు 30,000 డాలర్ల వరకును, తెలిసి చేసినచో 1,50,000 డాలర్ల వరకును పరిహారము విధింపవచ్చును. రాజీకి కంపెనీలడిగినది కొన్నివేల డాలర్లు. వకీలును పెట్టుకొని పోరాడుటకు అంతకు అనేక రెట్లు కావలెను. నిర్దోషికైనను రాజీయే చౌక! తప్పొప్పుల విచారణ లేకయే సొమ్ము చేతులు మారినపుడు దానిని వ్యాజ్యమందుమా? వసూలందుమా?

మరి ప్రతివాది యెవడు? కంపెనీలకు దొరకినది ఐ.పి. చిరునామా యను అంకెల వరుస మాత్రమే. అది ఖాతా యెవరిదో తెలుపునుగాని మీట నొక్కిన వ్రేలెవరిదో తెలుపదు. ఓక్లహామాలో ఖాతాదారు యగుటచే దావాకెక్కిన యొక స్త్రీ రాజీకొల్లక నిలిచెను. కంపెనీలే దావాను విరమించుకొనెను. 2007 లో న్యాయస్థానము ఆమెకు 68,000 డాలర్లకు పైగా ఖర్చులిప్పించెను.

అందరికిని అట్టి ఫలము దక్కలేదు. మిన్నెసోటాకు చెందిన యొక తల్లి 24 పాటల విషయమై పోరాడెను. జూరీ 2007 లో 2,22,000 డాలర్లు, పునర్విచారణమున 2009 లో 19,20,000 డాలర్లు, 2010 లో 15,00,000 డాలర్లు విధించెను. తుదకు 2012 లో అప్పీలు కోర్టు 2,22,000 డాలర్లను స్థిరపరచెను. ఆ కాలమున ఇంటర్నెట్టులో పాట వెల సుమారొక డాలరు మాత్రమే. నేరమునకును దండనకును ఇందేమి సామ్యము?

వేలకొలది జనులను కోర్టుల కీడ్చిన పిమ్మట, 2008 డిసెంబరులో కంపెనీలు ఈ మూకుమ్మడి దావాలను మానుచున్నామని ప్రకటించెను. పాటల పంపకము మాత్రము ఆగలేదు.

పేరెరుగని ప్రతివాదిపై వ్యాజ్యము మనకును క్రొత్తగాదు. ఇచ్చట వానికి ‘అశోక్ కుమార్’ అని పేరు పెట్టుదురు. 2012 లో ‘దమ్ము’ అను తెలుగు చిత్రము విషయమున మద్రాసు హైకోర్టు ఉత్తర్వును చూపి వెబ్‌సైట్లకు వెబ్‌సైట్లే మూయబడగా, చిత్రమున్న పుటలను మాత్రమే ఆపవలెనని ఆ న్యాయస్థానమే స్పష్టపరుపవలసి వచ్చెను.

కావున మేము కోరునది స్వల్పము. చేసినవాడెవడో రుజువు కావలెను. దండన నష్టమునకు తగియుండవలెను. పేద ప్రతివాదికి వకీళ్ల సంఘములు ఉచితముగ తోడ్పడవలెను. మీరును నోటీసు చూచి భయముచే సంతకము చేయకుడు. సమను వచ్చినచో నిర్లక్ష్యము చేయకుడు. ధనవంతుని హక్కును కాపాడు న్యాయస్థానము పేదవాని మాటను వినుటకును తలుపు తెరచియుంచినపుడే దానికి ధర్మపీఠమను పేరు చెల్లును.