సరమ యడిగిన ప్రశ్న

(ఒక పఠనమందిరమున జరిగిన సభలో మేము చేసిన ప్రసంగపాఠము)



నన్నయభట్టారకుని యాదిపర్వమును తెఱచినవారెల్లరు సరమను ఎఱుగుదురు. జనమేజయ మహారాజు సత్రయాగము సేయుచుండగా, దేవశునకియైన సరమ యొక్క పిల్ల యాడుకొనుచు అచ్చటికి వచ్చెను. రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది యేడ్చుచు తల్లికడకు పోయెను. తల్లి వచ్చి రాజు నెదుట నిలిచి, తప్పుచేయని తన బిడ్డను కొట్టుట న్యాయమా యని యడిగెను. పంచమవేదమని మనము తలదాల్చు గ్రంథమున తొలుదొలుత వినవచ్చు ఫిర్యాదులలో నొకటి ఒక తల్లికుక్క తెచ్చిన ఫిర్యాదు. అంతటి చక్రవర్తియు ఆ శాపమునకు భయపడి శాంతి చేయింపగల పురోహితుని వెదకికొని పోయెను.

ఆ సరమ నేడు మన పట్టణములలో మేడపై రేకులపంచ క్రింద, దొడ్డిలో నీళ్లతొట్టి ప్రక్క, ఇనుప బోనులో పడియున్నది. ఆమె అడుగుచున్న ప్రశ్న ఆనాటిదే. వినువారు మాత్రము లేరు. దేశమునకు పెక్కు బాధలుండగా కుక్కపిల్లల బేరమునుగూర్చి ప్రసంగమా యని కొందఱు నవ్వవచ్చును. నవ్విన పిదపనైనను కొంచెము వినుడని వేడుచున్నాము.

ఈ బేరము ఎట్లు జరుగుచున్నదో ముందుగా చూతము. ఒకానొక గృహస్థు ఇరువదివేలో ముప్పదివేలో పోసి ఒక మేలుజాతి యాడుకుక్కను కొనును. కొంతకాలమునకు లెక్క కట్టును. ఆడుకుక్క సాధారణముగ ఏడాదికి రెండు పర్యాయములు ఎదకు వచ్చును. సుమారు 63 దినములు మోయును. పెద్దజాతిదైన ఒక్క యీతలో ఆరో ఎనిమిదో పిల్లలను పెట్టును. ఇంటిలో నుండి పెట్టుబడి లేని వర్తకము! ఎదురుబజారున నున్న మగకుక్క దాని యన్నయా, తండ్రియా యను విచారము లేదు. తొలి యెదకే జతకట్టించును. మలి యెదకును జతకట్టించును. పిల్లలు కన్నుతెఱచి నడువసాగినంతనే ఫోనులలో బొమ్మలు తిరుగును: '45 దినముల పిల్లలు, శుద్ధజాతి, స్వల్పవెల, త్వరపడుడు.'

ఈ ప్రకటనలో '45 దినములు' అను మాటను గమనింపుడు. 2017లో కేంద్రప్రభుత్వము కుక్కల పెంపకమునకును విక్రయమునకును నిబంధనలు చేసినది. ఎనిమిది వారములు, అనగా 56 దినములు నిండని పిల్లను అమ్మరాదు. పెంపకము చేయువాడు రాష్ట్ర జంతుసంక్షేమ మండలియందు పేరు నమోదు చేయించుకొనవలెను. పదునెనిమిది నెలలు నిండని యాడుకుక్కను కట్టింపరాదు. పండ్రెండు నెలలలో ఒక్క యీతకు మించరాదు. జీవితమున అయిదు ఈతలకు మించరాదు. కావున '45 దినముల పిల్ల' యని చాటువాడు తన తప్పును తానే చాటుకొనుచున్నాడు. చదువుకొన్న మనము ఆ చాటింపును చదివి, వెల యెంతయని యడుగుచున్నాము!

ఆ పదునొకండు దినములలో నేమున్నదని యడుగువారు కలరు. చాల నున్నది. పిల్ల తన తోబుట్టువులతో కొట్లాడుకొనుచు, ఎంత గట్టిగా కఱచినచో ఎదుటిదానికి నొప్పియగునో నేర్చుకొనునది ఆ దినములలోనే. గట్టిగా కఱచినచో తల్లి గద్దించును. ఆ పాఠము ముగియకమునుపే బడినుండి లాగివేయబడిన పిల్ల, రేపు మన బిడ్డల చేతులను కఱచినచో తప్పు ఎవరిది? ఇంకొకటి: తల్లిపాల మూలమున వచ్చిన రోగనిరోధకశక్తి క్రమముగ తగ్గిపోవుచు, టీకాల శక్తి ఇంకను నిలద్రొక్కుకొనని సంధికాలము అది. 1978 ప్రాంతమున లోకమున బయలుదేరిన పార్వో యను వైరస్ వ్యాధికి ఆ సంధికాలమే వాకిలి. టీకా ఆఱెనిమిది వారముల ప్రాయమున మొదలిడి, పదునాఱు వారముల వఱకు విడతలుగా వేయవలెను. ఒక్క సూది గ్రుచ్చి అన్ని టీకాలు అయినవనుట పచ్చియబద్ధము.

ఇచ్చట మా తప్పును మేము ఒప్పుకొనవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట మేమును ఒక పిల్లను కొంటిమి. కొనవలెనని పోలేదు, మిత్రునికి తోడుగా పోతిమి. ఒక మేడపై మూడు బోనులు. వానిలో నొకదానియందు చప్పిడిముక్కు పగ్ పిల్ల యొకటి తక్కినవానికి దూరముగ ముడుచుకొని కూర్చుండెను. కండ్ల పుసి, ప్రక్కటెముకలు, తడిసిన గోనెపట్ట. దానిని విడిచి వచ్చుటకు మనసొప్పలేదు. విడిపించుచున్నామనుకొని సొమ్ము చెల్లించితిమి. నాలుగవనాడు వాంతులు, నెత్తుటి విరేచనములు. పశువైద్యుడు చూచి పార్వో యనెను. సెలైను పెట్టిరి, మందులు గ్రుచ్చిరి. కొన్నది వంకాయ, కొసరు గుమ్మడికాయ యన్నట్లు, కొన్న వెలకు మూడింతలు వైద్యమునకైనది. ఆఱవనాటి తెల్లవాఱుజామున అది మా చేతులలోనే కన్నుమూసెను. ఇంటిలో పిల్లలు రెండు దినములు అన్నము ముట్టలేదు.

అమ్మినవానికి వర్తమానము పంపితిమి. అతడు కోపపడలేదు, సిగ్గుపడలేదు. 'ఏమి చేయుదుము అయ్యా, దాని యాయువు అంతే. తల్లి మరల చూడితో నున్నది. ఈమారు మీకు సగము వెలకే యిచ్చెదను' అనెను.

ఆ మాట విన్న క్షణమున మాకు కన్నులు తెఱవబడెను. తల్లి మరల చూడితో నున్నది! మేము విడిపించినది ఒక పిల్లను. మేము చెల్లించిన సొమ్ము తల్లిని మరియొక యేడాది బోనులో నుంచుటకు గ్రాసమైనది. వర్తకుని చిట్టాలో జాలి యని, దురాశ యని, వేడుక యని వేర్వేఱు పద్దులుండవు. అన్నియు ఒక్క జమలోనే పడును. నీరసించిన పిల్లకు జాలిపడి కొనువారుందురని తెలిసిన పిదప, పిల్లను నీరసింపనీయకుండుటకు వాడేల ఖర్చుపెట్టవలెను? ఈ వర్తకమును కఠినహృదయులు మాత్రమే పోషించుచున్నారనుకొంటిమి. అది మా భ్రమ. దానికి మూలస్తంభములలో నొకటి మనబోంట్ల దయ.

ఇక కొనుటకు గల తక్కిన కారణములను విచారింతము. మొదటిది ఆడంబరము. వీధివారు చూడవలెను, ఏమి జాతియని యడుగవలెను. రెండవది చలనచిత్రములును ప్రకటనలును. 1996లో నూటయొక్క డల్మేషియనుల కథ తెరకెక్కగా పశ్చిమదేశములలో ఆ చుక్కల కుక్కలకు గిరాకి పెరిగెను. వేడుక తీరినపిమ్మట అనేకములు వీధిపాలాయెను. మన దేశమున 2003లో హచ్ ఫోను కంపెనీవారి ప్రకటనలో ఒక పగ్ ఒక బాలుని వెంట నడచినది. అదిమొదలు ఊరూర పగ్ కావలెననిరి. పిదప ఒక యాంగ్ల ధారావాహికలోని తోడేళ్లను చూచి హస్కీ కావలెననిరి.

హస్కీ యెచ్చటిది? సైబీరియా మంచుబయళ్లలో చుక్చీ జాతివారి బండ్లు లాగునది. దానికి దైవమిచ్చినది రెండు పొరల బొచ్చు. దానిని తెచ్చి రెంటచింతల యెండలో మేడపై కట్టివేయుట వేడుకయా, శిక్షయా? పగ్ సంగతి అంతకంటె కష్టము. కుక్కకు మనవలె మేనెల్ల చెమటపట్టదు. నాలుక చాచి రొప్పుటయే దానికి చల్లదనము. ముక్కు చప్పిడిగా నుండవలెనని తరతరములుగా ఏఱి కట్టించిన ఫలముగా దానికి ఊపిరిత్రోవయే యిఱుకైపోయినది. అది గుఱుపెట్టినచో మనము ముద్దని నవ్వుచున్నాము; అది గాలికై పెనుగులాడుచున్నది. బుల్‌డాగ్ జాతికి తల పెద్దది, తల్లి కటి యిఱుకు. కావున చాలవఱకు కడుపుకోసియే పిల్లలను తీయవలసివచ్చుచున్నది. అల్సేషియన్, లాబ్రడార్ జాతులకు తుంటికీలు వదులగు వ్యాధి వంశపారంపర్యముగ సంక్రమించును. తల్లిదండ్రుల కీళ్లను పరీక్షింపక కట్టించినచో పిల్లకు నడువలేని బ్రదుకు ప్రాప్తించును.

'మా కుక్కకు కాగితములున్నవి' యందురు. వంశావళి కాగితము తాతముత్తాతల పేర్లను చెప్పును గాని, వారి కీళ్ల సంగతి చెప్పదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

మూడవ కారణము అగ్గువ. ఇచ్చట ఒక న్యాయమైన మాట చెప్పవలెను. పెంపకము చేయువారందఱును దుర్మార్గులు కారు. శాసనము పెంపకమును నిషేధింపలేదు, క్రమపఱచినది. తల్లికి మంచి మేత పెట్టి, వైద్యునిచేత పరీక్షింపించి, ఏడాదికి ఒక్క యీతతో సరిపెట్టి, 56 దినములు నిండిన పిమ్మట టీకా వేయించి అమ్మువాడు తక్కువ వెలకు అమ్మలేడు. ఆ తక్కువ వెల ఎచ్చటనుండి వచ్చినది? తల్లి తిండినుండి, వేయని టీకానుండి, తగ్గించిన దినములనుండి వచ్చినది. అగ్గువను కోరి మనము నిజాయితీపరుని అంగడి మూయించుచున్నాము.

శాసనమున్నదిగదా, అధికారులేమి చేయుచున్నారని యడుగవచ్చును. నిజమే. నమోదు లేని పెంపకశాలలను వెదకువారు అరుదు. మఱియు 1960 నాటి జంతుహింసానివారణ శాసనము మొదటి తప్పునకు విధించిన జుల్మానా పది రూపాయలు మొదలు ఏబది రూపాయలవఱకు! నేడది రెండిడ్డెనల వెలకైనను చాలునో చాలదో. ఒక పిల్లపై వేలు గడించువాడు దానికి భయపడునా? 2016లో వర్తకపు పెంపకమునకై విదేశములనుండి కుక్కలను దిగుమతి చేయుటను నిషేధించిరి. కాని దొడ్డిగుమ్మమున పుట్టుచున్నవానిని రేవున నాపుట యెట్లు? ఇంగ్లండున 2020 ఏప్రిల్ మొదలు, ఆఱునెలలు నిండని పిల్లలను నడిమి వర్తకులు అమ్మరాదని కట్టడి చేసిరి. ఆ శాసనమును 'లూసీ' యను కుక్క పేరుతో పిలుతురు. బోనులో ఈతలపై ఈతలు ఈని వెన్ను వంగిపోయిన యా తల్లికుక్కను 2013లో విడిపించిరి. అచ్చటి సరమకు శాసనసభ ప్రత్యుత్తర మిచ్చినది.

మనదేశమున 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలను ఆశ్రయములకు తరలింపుమని సుప్రీంకోర్టు ఆదేశించుటయు, అదే నెల 22న ఆ యాజ్ఞను సవరించుటయు మీరెఱుగుదురు. ఊరెల్ల వాదములతో మార్మ్రోగెను. కాని వీధికుక్కలలో ఒకనాడు బొమ్మవలె కొనబడి, పెరిగి బరువైనపిమ్మట ఊరిబయట దింపివేయబడినవియు కలవని ఎందఱు తలచిరి? వీధిని నిందించు మనము ఇంటిని చూచుకొనవలదా?

ఇక చేయదగినదేమి? మొదట, కుక్క కావలెనా యని ఇంటిల్లిపాదియు ఆలోచింపుడు. అది పుట్టినరోజు బహుమానము కాదు. పది పండ్రెండేండ్ల బాధ్యత. కావలెననుకొన్నచో, వీధిలో పుట్టిన పిల్లనో, ఆశ్రయములోని దానినో తెచ్చుకొనుడు. ఈ యెండకు, ఈ తిండికి తగిన దేహమది. టీకాలు వేయించి, సంతతి కలుగకుండ శస్త్రచికిత్స చేయింపుడు. కొల్లేటి ప్రాంతమున, మన తూర్పుతీరమున జోనంగి యను పొట్టివెండ్రుకల జాతి కలదు. బాతులమందలను కాచి పేదలకు తోడ్పడినది. దాని పేరైనను తెలియనివారు సైబీరియా కుక్క కొఱకు వేలు పోయుచున్నారు! పరాయిదే గొప్పయను భావము మనలను విడిచిపోవుటకు ఇంకెన్ని యేండ్లు పట్టునో!

కొనియే తీరవలెనన్నచో, తల్లిని చూపుమని యడుగుడు. 'తల్లి ఊరిలో లేదు, పిల్లను బస్టాండుకు తెచ్చి యిచ్చెదను' అనువానిని విడిచి లేచిరండు. నమోదుపత్రమును, వైద్యుని చేవ్రాలు గల టీకాపత్రమును అడుగుడు. 56 దినములు లెక్కించుకొనుడు. బోనులో క్షీణించిన పిల్ల కంటబడెనా, సొమ్ము తీయకుడు. పశువైద్యాధికారికిని జంతుసంక్షేమ మండలికిని వ్రాతమూలముగ తెలుపుడు. ఆ క్షణమున మనసు విలవిలలాడును, మేమెఱుగుదుము. ఆ పిల్ల కండ్లు మాకు నేటికిని కనబడుచున్నవి. అయినను సొమ్ము చెల్లించుట దానికి మేలుకాదని ఆ పిల్లయే మాకు నేర్పిపోయినది.

సోదరులారా, పూర్వము సరమ రాజునొద్దకు పోయి యడిగినది, ఏలయనగా కొట్టినది రాజు తమ్ములు. నేడు ఆమె ఎవ్వరినొద్దకు పోవలెను? బోను కట్టినవానియొద్దకా? వాడు మన సొమ్ముకొఱకు కట్టెను. ప్రజారాజ్యమున రాజులము మనమే. ఆమె మన వాకిట నిలిచియున్నది. మనకు తగిన ప్రత్యుత్తరము కావలెను.