ఆశ్రయానికొక చట్టం కావాలి
(సరిహద్దు తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



నుడి గురించి మాట్లాడవలసిన వేదిక మీద కాందిశీకుల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మాది తిరుత్తణి ప్రాంతం. 1960 ఏప్రిల్ 1న అది మద్రాసు రాష్ట్రంలో చేరింది. మా ఇల్లు కదలలేదు, హద్దు కదిలింది. నాటి నుండి బడిలో మన నుడికి చోటు కోసం పెనుగులాడుతూనే ఉన్నాము. అయినా మన పౌరసత్వాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. మా జిల్లాలోని శ్రీలంక తమిళుల శిబిరంలో పుట్టిన పిల్లలకు ఆపాటి భరోసా కూడా లేదు.

నేను ఉపాధ్యాయునిగా ఉన్న రోజులలో ఆ శిబిరపు బాలిక ఒకతె మా బడిలో చదివింది. కొన్నేళ్ల తరువాత ఉద్యోగ దరఖాస్తు పట్టుకొని వచ్చి, "నేను ఇక్కడే పుట్టాను కదా అయ్యా, ఈ గడిలో ఏ దేశమని రాయాలి?" అని అడిగింది. నేను బదులు చెప్పలేకపోయాను.

1987 జూలై 1 నుండి మన నేల మీద పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు, తల్లిదండ్రులలో ఒకరైనా భారత పౌరులు కావాలి. 2004 డిసెంబరు 3 నుండి ఆ నియమం మరింత బిగిసింది. 1983 జూలై మారణకాండ తరువాత వచ్చినవారి మనుమలలో పలువురు సైతం నేడు విదేశీయులే.

ఆశ్రయం ఇవ్వడం మన దేశానికి కొత్త కాదు. ఒడిశాలోని మనవారికి మల్కనగిరి తెలుసు. 1958లో మొదలైన దండకారణ్య పథకం కింద తూర్పు బెంగాలు నుండి వచ్చినవారికి అక్కడ భూములిచ్చారు. చంద్రగిరిలోనూ, కర్ణాటకలోని బైలకుప్పెలోనూ టిబెట్టువారు స్థిరపడ్డారు. మన సంగతి మాత్రం మరచిపోగలమా? యానాం పొరుగునున్న కోరంగి రేవు పేరిటే బర్మాలో తెలుగువారిని కోరంగీలన్నారు. 1942లో జపాను దాడికి భయపడి అడవులలో నడిచి వచ్చినవారిలోనూ, 1964లో ఆస్తులు జాతీయమై ఓడలెక్కినవారిలోనూ మనవారున్నారు. విశాఖలోని బర్మా క్యాంపు పేరు ఆ కథనే చెబుతుంది.

అయితే ఇవన్నీ ప్రభుత్వ ఉత్తర్వులతో జరిగిన పనులు, చట్టంతో జరిగినవి కావు. 1951 నాటి కాందిశీకుల ఒడంబడికలో మన దేశం చేరలేదు. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1న కొత్త చట్టం అమలులోకి వచ్చింది. అందులోనూ కాందిశీకుడెవరో చెప్పే నిర్వచనం లేదు. 2015 జనవరి 9 లోపు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు శిక్షల నుండి మినహాయింపునిచ్చారు. సంతోషమే. కాని మినహాయింపు హక్కు కాదు. 2019 పౌరసత్వ సవరణలో పాకిస్తాను, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్లకే చోటు దక్కింది, శ్రీలంకకు దక్కలేదు.

దేశం ధర్మశాల కాదని 2025 మేలో సుప్రీంకోర్టు ఒక శ్రీలంక తమిళుని వ్యాజ్యంలో వ్యాఖ్యానించింది. ఆ ఆందోళనను తేలికగా తీసుకోరాదు. భద్రతను కాపాడవలసిందే. అయితే వచ్చినవాడు భయపడి దాగితే భద్రత పెరుగుతుందా, పేరు నమోదు చేసుకొని విచారణకు నిలబడితే పెరుగుతుందా? 1996లో చక్మాల వ్యాజ్యంలో ఇదే న్యాయస్థానం, పౌరులు కానివారి ప్రాణానికి కూడా రాజ్యాంగ రక్షణ ఉన్నదని తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు తగిన చట్టం చేయవలసినది పార్లమెంటు. 2015లో లోక్‌సభలో శశి థరూర్ ప్రవేశపెట్టిన ఆశ్రయ బిల్లు చట్టం కాలేదు.

అందుచేత నేను కోరేవి నాలుగు. ఏ దేశం, ఏ మతం అని చూడక ఆపదను బట్టి ఆశ్రయాన్ని నిర్ణయించే చట్టం ఒకటి. గడువులోపు విచారణ, దాని మీద అప్పీలు, అది ముగిసేవరకు వెనుకకు పంపరాదన్న నియమం రెండవది. విచారణ దరఖాస్తుదారుని నుడిలో సాగడం మూడవది. రాని నుడిలో వేసిన ప్రశ్నకు ప్రాణభయాన్ని ఎవరు వివరించగలరు? ఈ బాధ మనకంటె ఎవరికి తెలుసు? ఇక్కడ పుట్టి పెరిగిన బిడ్డలకు పౌరసత్వపు దారి నాలుగవది.

మన నుడికి హక్కు అడిగే నోటితో పొరుగువాని నిలువనీడకూ హక్కు అడుగుదాము. అప్పుడే మన కోరికకు బలం. ఆ గడిలో ఏమి రాయాలో ఆ బిడ్డకు చెప్పగల రోజు కోసం మీ అందరి గొంతు కలపమని వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.