చిక్కుముడి కథల చలనచిత్రములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగము)



చలనచిత్రము చూచి ఇంటికి వచ్చినవానిని “కథ యేమి?” అని అడిగినచో, కొన్ని చిత్రముల విషయమున వెంటనే బదులు వచ్చును. మఱికొన్నింటి విషయమున అతడు తల గోకికొని, “ఏమో, అంతయు గజిబిజిగా నున్నది. చదువుకొన్నవారికి తెలియునేమో” అనును. ఈ కడపటి మాటయే విచారింపదగినది. కథ చిక్కుగా నున్నచో లోపము చూచినవానిదే యని తలచుట పొరపాటు.

చిక్కు రెండు విధములు. నూలు చిక్కుపడుట యొకటి. నేతగాడు పోగుపై పోగు దాటించి అంచున పువ్వు వేయుట యింకొకటి. దూరమునుండి రెండును ఒక్కటిగానే కనబడును. మొదటిదానిలో చేయి పెట్టినకొలది పోగు తెగును. రెండవదానిలో కొంత ఓపిక పట్టినచో పువ్వు కంటికి నిలుచును. కథలయందును ఇంతే.

రెండవ తెగకు చెందిన చిత్రములలో ప్రపంచమంతట పేరు పొందినది జపాను దేశపు “రషోమాన్”. అకిరా కురొసావా దర్శకత్వమున ఇది 1950లో వెలువడినది. ర్యునొసుకె అకుతగావా అను కథకుడు 1915లోను, 1922లోను ప్రకటించిన రెండు చిన్నకథలు దీనికి మూలము. మొదటి కథనుండి శిథిలమైన నగరద్వారమును, దాని పేరును తీసికొని, రెండవ కథనుండి హత్యావృత్తాంతమును గ్రహించిరి. చిత్రము గంటన్నరకు మించదు. పాత్రధారులు ఎనమండుగురు. స్థలములు మూడు: జోరున వాన కురియుచుండగా ముగ్గురు తలదాచుకొన్న ద్వారము, అడవి, విచారణ జరుగు ఆవరణము. ఇంత కొద్ది సామగ్రితో అల్లిన కథ డెబ్బదియేండ్లు గడచినను చర్చకు నిలిచియున్నది.

ఒక యోధుడు భార్యను గుఱ్ఱముపై కూర్చుండబెట్టుకొని అడవిదారిని పోవుచుండగా తజోమారు అను బందిపోటు వారిని చూచును. పాతకత్తులు, అద్దములు దాచిన చోటు చూపెదనని ఆశపెట్టి యోధుని లోనికి గొనిపోయి, చెట్టునకు కట్టివైచి, వాని యెదుటనే భార్యను చెఱచును. పిమ్మట యోధుని శవము అడవిలో కనబడును. ఇంతవరకు వివాదము లేదు. చంపినదెవరు అనుచోట దారులు చీలును.

బందిపోటు చెప్పునది యిది: ఆమె కోరినందున యోధుని కట్లు విప్పి, ఇరువదిమూడు మాఱులు కత్తి కలిపి, వీరునివలె పోరాడి చంపెను. భార్య చెప్పునది వేఱు: బందిపోటు వెడలిన పిదప భర్త తనను ఏవగింపుతో చూచెననియు, ఆ చూపు భరింపలేక కత్తి చేతబట్టి మూర్ఛపోతిననియు, తెలివి వచ్చునప్పటికి అది భర్త ఱొమ్మున దిగియున్నదనియు ఆమె విలపించును. చనిపోయినవాడును సాక్ష్యము చెప్పును. పూనకము వచ్చిన స్త్రీ నోట వాని ఆత్మ పలుకును: భార్యయే తన్ను చంపుమని బందిపోటును కోరగా, ఆ అవమానము తాళలేక తానే పొడుచుకొంటినని. నాలుగవవాడు కట్టెలు కొట్టువాడు. చాటుననుండి చూచితినని అతడు ద్వారముకడ చెప్పు కథలో వీరుడెవ్వడును లేడు. ఇద్దఱు పురుషులును వణకుచు, పడుచు లేచుచు పోరాడిరి. ఒకడు చచ్చెను.

ఇచట గమనింపవలసిన దొకటి కలదు. సామాన్యముగా సాక్షి నేరమునుండి తప్పించుకొనుటకు అబద్ధమాడును. ఇచట ముగ్గురు ముగ్గురును చావుభారమును తమ మీదికే తెచ్చుకొనుచున్నారు. బందిపోటు తానే చంపితిననును. భార్య తన చేతిలోని కత్తియే కారణమనును. భర్త తానే చచ్చితిననును. శిక్షకు వెఱచువారు కారు వీరు, చిన్నతనమునకు వెఱచువారు. దొంగకు తాను శూరుడనిపించుకొనవలెను. ఇల్లాలికి తాను నిస్సహాయురాలనిపించుకొనవలెను. యోధునికి తాను మానధనుడనిపించుకొనవలెను. ప్రాణముకన్న పరువు తీపి. ఈ యొక్క సూత్రము చేజిక్కినచో కథలోని గజిబిజి చాలవఱకు విడిపోవును. “చంపినదెవరు?” అను ప్రశ్నకు చిత్రము బదులు చెప్పదు. “మనుష్యుడు తన్ను గూర్చి తానేల అబద్ధమాడును?” అను ప్రశ్నకు మాత్రము స్పష్టముగా బదులు చెప్పుచున్నది.

చిత్రీకరణము ఆరంభము కాకముందు సహాయ దర్శకులు ముగ్గురు కురొసావా కడకు పోయి, కథ బోధపడలేదని మొఱపెట్టుకొనిరట. మనుష్యులు తమ విషయమున తమతో తామే నిజాయితీగా ఉండలేరనియు, చక్కదిద్ది చెప్పుకొననిదే తమ్ము గూర్చి మాటాడలేరనియు, కథలోని చిక్కు మనసులోని చిక్కేననియు ఆయన వివరించెను. ఇద్దఱు సమాధానపడిరి, ఒకడు పడలేదు. ఈ సంగతి ఆయన స్వీయచరిత్రలో వ్రాసియున్నారు. చిత్రమున పనిచేయువారికే బోధపడని కథ, టిక్కెట్టు కొని కూర్చున్న రైతుకు మొదటిసారి బోధపడనిచో అందులో సిగ్గుపడవలసినదేమున్నది?

మఱియొక విశేషము. విచారణ ఘట్టములలో న్యాయాధికారి తెఱపై కనబడడు; ఆయన గొంతు వినబడదు. సాక్షులు నేలపై కూర్చుండి, ప్రేక్షకునివైపే ముఖము పెట్టి బదులు చెప్పుదురు. న్యాయాధికారి పీటపై ప్రేక్షకుడే కూర్చున్నాడన్నమాట. కథ ఇతనిని తికమక పెట్టుటకు కాదు, తీర్పరిగా గౌరవించుటకే అట్లు నిర్మింపబడినది. 1951లో వెనిస్ చిత్రోత్సవమున దీనికి బంగారు సింహము లభించినది. చిత్రమును పోటీకి పంపిన సంగతియే అంతవఱకు కురొసావా ఎఱుగరు.

ఈ పద్ధతి మద్రాసు చేరుటకు ఎక్కువ కాలము పట్టలేదు. 1954లో ఎస్. బాలచందర్ దర్శకత్వమున వచ్చిన “అంద నాళ్” అను తమిళచిత్రము ఒక హత్యను గూర్చి పలువురు చెప్పు కథలతో నడచినది. అందులో పాట యొక్కటియు లేదు.

అయినను, చిక్కు కథ విదేశమునుండి దిగుమతి యైనదని తెలుగువారు తలపనక్కఱలేదు. పదునాఱవ శతాబ్దమున పింగళి సూరన “కళాపూర్ణోదయము” రచించెను. అందులో బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథయే లోకమున నిజమై నడచును. ముందు జరిగినది వెనుకను, వెనుక జరిగినది ముందును వచ్చును. ఇక మధిర సుబ్బన్న దీక్షితులు వ్రాసిన “కాశీమజిలీ కథలు” ఎఱుగని పల్లె గ్రంథాలయము అరుదు. మజిలీ మజిలీకి ఒక కథ, ఆ కథలో నింకొక కథ, దాని కడుపున మఱియొకటి. అరుగుమీద ఒకరు చదువుచుండగా, అక్షరము రాని అవ్వలు సయితము ఎవరి కథ ఎచట ఆగినదో వ్రేలు మడచి చెప్పగలిగిరి. ఆ చెవి గల జాతికి ఆ కన్ను లేకపోదు.

ఇటీవలి చిత్రములలో రెంటిని చెప్పుకొనవచ్చును. 2000లో వచ్చిన క్రిస్టఫర్ నోలన్ చిత్రము “మెమెంటో”లో కొత్త సంగతులేవియు జ్ఞాపకము నిలువని మనుష్యుడు నాయకుడు. రంగుల ఘట్టములు కడనుండి మొదటికి నడచును; నలుపు తెలుపు ఘట్టములు మొదటినుండి కడకు నడచును. దీనివలన అంతకుముందు ఏమి జరిగినదో నాయకునివలెనే ప్రేక్షకునికిని తెలియదు. ఆ రోగి కష్టము చూచువాని అనుభవమగును. తెలుగున 2018లో వెంకటేష్ మహా దర్శకత్వమున వచ్చిన “కేరాఫ్ కంచరపాలెం”లో నాలుగు వయసుల నాలుగు ప్రేమకథలు వేఱువేఱుగా సాగి, తుదకు ఒక్క మనుష్యుని జీవితమేయని తేలును. విశాఖపట్టణపు ఆ పేటవారే అనేకులు అందులో నటించిరి. ఈ రెంటను చిక్కు తీసివేసినచో కథయే చప్పబడును. అదియే పరీక్ష. చిక్కు తీసివేసినను కథకు నష్టము లేనిచో, ఆ చిక్కు కేవలము బడాయి. అట్టి చిత్రమును బోధపడలేదని కాక, బాగుగ లేదనియే ధైర్యముగా చెప్పవచ్చును.

ఇట్టి చిత్రమును చూచునపుడు మూడు ప్రశ్నలు మనసున నుంచుకొన్నచో చాలును. ఈ ఘట్టమును ఎవరు చెప్పుచున్నారు? ఇది ముందు జరిగినదా, వెనుక జరిగినదా? చెప్పువానికి ఇందు దాచవలసినదేమైన కలదా? నేడు చేతిలోని ఫోనునందే చిత్రమును ఆపి, వెనుకకు త్రిప్పి చూచు సౌకర్యము కలదు. పుస్తకమునకు తొలినుండియు ఆ సౌకర్యము కలదు. రెండవసారి చదువుట, రెండవసారి చూచుట తెలివితక్కువకు గుర్తు కాదు, మర్యాదకు గుర్తు.

“రషోమాన్” ముగింపు మఱవరానిది. కట్టెలు కొట్టువాడును సంపూర్ణసత్యము చెప్పలేదు. శవముకడ నున్న విలువగల కత్తిని తానే దొంగిలించి, ఆ మాట దాచినాడని ద్వారముకడ నున్నవా డొకడు పసిగట్టును. లోకముపై విశ్వాసము పోయి సన్న్యాసి నిర్విణ్ణుడగును. అపుడు ఎవరో విడిచిపోయిన పసిబిడ్డ యేడుపు వినబడును. ఆఱుగురు బిడ్డల తండ్రియైన ఆ దొంగకట్టెలవాడే, మఱియొకటి భారము కాదని, ఆ బిడ్డను ఎత్తుకొనిపోవును. వాన వెలియును. అబద్ధమాడినవాడు సయితము మంచిపని చేయగలడు. ఒక్క మాటతో ఒక మనుష్యుని కొలిచి త్రోసివేయరాదు.

ఊరి రచ్చబండపై గట్టు తగవు వచ్చినను, ఇంట అన్నదమ్ముల పంపకము వచ్చినను, ఇదే కథ నడచుచుండును. ఒకని మాట విని తీర్పు చెప్పుట తేలిక. నలుగురి మాట విని, నలుగురు దాచినదానిని కూడ ఊహించి, ఆ పిమ్మట నోరు విప్పుట కష్టము. ఆ కష్టమునకు అలవాటుచేయు కథలు తెఱపై నున్నను, గ్రంథాలయపు బీరువాలో నున్నను, గ్రామమునకు మేలు చేయునవియే. ఇరువదియైదేండ్లుగా ఒకే గదిలో పలుమతముల, పలుపక్షముల గ్రంథములను ప్రక్కప్రక్కన నిలిపిన ఈ గ్రంథాలయము చేయుచున్న పనియు అదియే.