ఎర్ర పలుకుల రాయి

కోరాపుట్, రాయగడ ప్రాంతాల్లో ఇల్లు కట్టుకునేవారు కొండరాయిని ఒకసారి పగలగొట్టి చూడండి. దానిమ్మగింజల్లా ఎర్రని గార్నెట్ పలుకులుంటే అది ఖొండలైటు కావచ్చు. ఖోండుల పేరిట వచ్చిన పేరు. ఆ పలుకుమీద చాకు గీత పడదు. నల్లగా మెరిసే రేకు వేలికి మసి అంటిస్తే అది గ్రాఫైటు.

ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బంకమట్టే ఇది. భూమి లోతుల్లో వేడికీ, ఒత్తిడికీ రూపం మార్చుకుంది. మన విశాఖ కైలాసగిరిలోనూ ఇదే రాయి.

చెక్కడానికి అనువైనదే, కోణార్క శిల్పులు వాడారు కదా! కాని వానకూ, ఉప్పుగాలికీ పొడి రాలుతుంది. అక్కడి అరిగిన బొమ్మలే సాక్ష్యం. పంచపట్మాలి కొండపై యుగాల వానలకు ఇదే బాక్సైటు అయింది.

గోడకు పెట్టేముందు సుత్తితో కొట్టండి. ఖణేలుమంటే సరే. డొల్లగా పలికినా, గోటికి పొడి రాలినా ఆ రాయి వద్దు.