భర్త వెంట వెళ్ళిన భార్యకు పని హక్కు

(వేంసూరులో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేంసూరులో కూచుని అమెరికా వీసాల గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. కూలిరేట్లు, పోడు పట్టాలు, బెల్టుషాపులు ఇన్ని ఉండగా ఇది ఉన్నవాళ్ళ సమస్య కదా అనవచ్చు. కొంతవరకు నిజమే. కానీ ఉన్న రెండెకరాల తోట మీద అప్పుచేసి కూతుర్ని బి.టెక్. చదివించి, మిగిలింది కట్నంగా పోసి అమెరికా సంబంధం చేసే ఇళ్ళు కందుకూరు, మర్లపాడు, సత్తుపల్లి వైపు మనకు తెలియనివేమీ కావు. పెళ్ళిచూపుల్లో అబ్బాయి జీతమెంత, గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుంది అని అడుగుతాం. అమ్మాయికి అక్కడ ఉద్యోగం చేసే హక్కు ఉందా అని అడిగేవారెందరు?

హెచ్-1బి వీసా మీద ఉద్యోగానికి వెళ్ళిన మనిషి భార్యకు ఇచ్చేది హెచ్-4. కాగితం మీద ఆమె హోదా 'ఆధారపడిన వ్యక్తి'. 1990ల చివర కంప్యూటర్ పనులకు హైదరాబాదు నుంచి కుర్రాళ్ళు వెళ్ళిన రోజుల నుంచీ, వాళ్ళ భార్యలు ఈ హోదాలోనే వెళ్తున్నారు. 2015 దాకా హెచ్-4 మీద ఉన్న స్త్రీ ఒక్క డాలరు కూడా సంపాదించడానికి వీల్లేదు. చదువుకోవచ్చు, ఫీజు భర్త కడితే. ఆఫీసు ఉద్యోగం సంగతి అలా ఉంచండి, ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్మినా, పక్కింటి పిల్లవాణ్ణి చూసుకుని డబ్బు తీసుకున్నా చట్టవిరుద్ధమే. అనుమతి లేనివారికి ఇప్పటికీ అంతే.

ఇక్కడ మన పితృస్వామ్యం 'ఆడదానికి ఉద్యోగమెందుకు' అని అడుగుతుంది. అక్కడ దానికి జవాబు ఆ దేశ చట్టమే రాసిపెట్టింది. వంట, ఇల్లు, పిల్లలు అన్నీ ఆమెవే. అంత చాకిరీ చేసినా ఆమె చేతికి వచ్చేది భర్త ఇస్తేనే. మేఘనా దామాని అనే ఆమె తానూ ఈ వీసా మీద వెళ్ళి, 2007లో ఈ స్త్రీల మీద 'హార్ట్స్ సస్పెండెడ్' అనే డాక్యుమెంటరీ తీశారు. మన సంఘాలు చూడవలసిన చిత్రం.

2015 మే 26 నుంచి కొంత మారింది. భర్త గ్రీన్‌కార్డు కోసం అతని కంపెనీ పెట్టిన ఐ-140 పిటిషన్ ఆమోదం పొందితే, లేదా గ్రీన్‌కార్డు ప్రక్రియ నడుస్తున్నందువల్ల అతని వీసాను ఆరేళ్ళు దాటి పొడిగిస్తే, భార్య ఐ-765 దరఖాస్తు పెట్టి పని అనుమతి కార్డు తెచ్చుకోవచ్చు. 2017 డిసెంబర్ చివరి వారం నాటికి 90,946 మందికి కొత్తగా ఈ కార్డులిచ్చారు. అందులో నూటికి 93 స్త్రీలకే. నూటికి 93 భారతదేశంలో పుట్టినవారికే. ఆ లెక్కలో మన తెలుగు పిల్లలు ఎంతమందో ఊహించుకోండి.

కానీ ఈ హక్కు ఎంత పలచనిదో చూడండి. ట్రంప్ మొదటి ప్రభుత్వం దీన్ని రద్దు చేస్తామని ప్రకటించి ఏళ్ళ తరబడి నాన్చింది. ఆ ప్రతిపాదనను 2021 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. 'సేవ్ జాబ్స్ యు.ఎస్.ఎ.' అనే సంస్థ వేసిన కేసు దాదాపు పదేళ్ళు నడిచింది. 2024 ఆగస్టులో అప్పీలు కోర్టు నిబంధనను సమర్థించింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించింది. హమ్మయ్య అనుకునేలోగా, అదే నెల 30వ తేదీ నుంచి పెట్టే రెన్యువల్ దరఖాస్తులకు కార్డు గడువు దానంతటదే పొడిగే వెసులుబాటు తీసేశారు. దరఖాస్తు తేలేలోగా పాత కార్డు గడువు ముగిస్తే, ఉద్యోగం మానుకుని ఇంట్లో కూచోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ కార్డుకు మూలం భర్త కాగితాలే. అతని ఉద్యోగం పోతే, విడాకులిస్తే ఆమె హోదా కూడా పోతుంది. 'నోరెత్తితే వీసా రద్దు చేయించి పంపించేస్తా' అన్న బెదిరింపుకు బలం ఇక్కడినుంచే వస్తుంది.

అందుకే ఈ సంగతి మీరంతా గుర్తుపెట్టుకోవాలి. స్త్రీలపై హింస నిరోధానికి అమెరికా 2005లో సవరించిన చట్టం ప్రకారం, హింసకు గురైన హెచ్-4 భార్య ఐ-765వి అనే దరఖాస్తు సొంతంగా పెట్టుకోవచ్చు. భర్త సంతకం అక్కర్లేదు. అతని గ్రీన్‌కార్డు ఏ దశలో ఉన్నా పట్టింపు లేదు. కొట్టడమే కాదు, తీవ్రమైన మానసిక క్రూరత్వమూ లెక్కలోకి వస్తుంది. పోలీసు రిపోర్టు లేకపోయినా ఇతర ఆధారాలు పరిశీలిస్తారు. హింస వల్లనే విడాకులైతే రెండేళ్ళలోపు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆమె వివరాలు భర్తకు చెప్పకూడదని చట్టం. ఇది 2017 నుంచి అమల్లో ఉంది, అయినా మన ఇళ్ళకు ఈ కబురు చేరలేదు. తల్లిదండ్రులు ఫోనులో 'సర్దుకుపోమ్మా' అనడమే చేరుతున్నది.

అన్ని దేశాలూ ఇలా లేవు. కంపెనీ తన ఉద్యోగిని అమెరికాకు బదిలీ చేసే ఎల్-1 మీద వెళ్ళేవాళ్ళ భార్యలకు, 2021 నవంబరులో ఒక కేసు రాజీ అయ్యాక, వేరే అనుమతి కార్డు లేకుండానే పని హక్కు వచ్చింది. జర్మనీలో, బ్రిటన్‌లో ఉద్యోగ వీసాల మీద ఉన్నవారి భార్యలు పనిచేయవచ్చు, అయితే బ్రిటన్ 2024 మార్చి 11 నుంచి కేర్ వర్కర్ల కుటుంబాలను కొత్తగా రానివ్వడం ఆపేసింది. కెనడా 2025 జనవరి 21 నుంచి ఉద్యోగుల జీవిత భాగస్వాములకిచ్చే పర్మిట్లను కొన్ని వృత్తులవారికే పరిమితం చేసింది. అంటే 'ఫారిన్ సంబంధం' అన్న మాట సరిపోదు. ఏ దేశం, ఏ వీసా, ఐ-140 ఏ దశలో ఉంది అన్నది నిశ్చయ తాంబూలాలకు ముందే కాగితం చూసి తెలుసుకోవాలి. అబ్బాయి తరఫువాళ్ళు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. బంగారం తూకం వేసేటప్పుడు వాళ్ళేమీ మొహమాటపడరు కదా!

వెళ్ళే అమ్మాయి డిగ్రీలు, మార్కుల మెమోలు, అనుభవ పత్రాలు తనతోనే తీసుకెళ్ళాలి. యూనివర్సిటీ నుంచి సీల్డు కవర్లో ట్రాన్స్‌క్రిప్టులు ముందే తెప్పించుకుంటే, తర్వాత ఇక్కడ ఎవర్నీ కాళ్ళావేళ్ళా పడనక్కర్లేదు. నర్సింగ్ చదివినవారు అక్కడి లైసెన్సు పరీక్షకు పని అనుమతి రాకముందే తయారుకావచ్చు. పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉండాలి, వీసా కాగితాల నకళ్ళు పుట్టింట్లో ఉండాలి. గొడవ వచ్చినప్పుడు జాతీయ మహిళా కమిషన్‌లోని ఎన్నారై సెల్, తెలంగాణ పోలీసుల మహిళా భద్రతా విభాగంలోని ఎన్నారై సెల్ ఫిర్యాదులు తీసుకుంటాయి. తల్లిదండ్రులు ఊళ్ళో పంచాయితీకి పోయేముందు వాళ్ళను అక్కడికి తీసుకెళ్ళే పని మన కార్యకర్తలు చేయగలరు. ఆ నకళ్ళు ఉంటే ఫిర్యాదు ఆ రోజే రాయవచ్చు.