దేవుని అతిథి

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 28:1-10, హెబ్రీయులకు 13:2



ఈ దినము మనము ధ్యానించబోయే మాట 'పరదేశి'. మన బిడ్డలు చదువు కోసం, పని కోసం ఒంటరిగా దూరదేశాలకు వెళ్తున్న రోజులివి. వారిని సాగనంపిన తల్లిదండ్రుల మనసులో ఉండే ప్రశ్న ఒక్కటే: "ప్రభువా, అక్కడ మా బిడ్డకు ఎవరున్నారు?" దీనికి వాక్యము ఏమి జవాబిస్తున్నదో చూద్దాము.

మన సంఘములోని ఒక సహోదరి, పౌలు సంచరించిన స్థలములు చూడవలెనని ఒంటరిగా టర్కీ దేశము వెళ్లింది. ఇస్తాంబుల్ పట్టణములో చిన్న గది అద్దెకు తీసుకొని నెల రోజులు ఉన్నది. భాష రాదు, తెలిసినవారు లేరు. ఆమెను మొదట పలకరించినవి పిల్లులే! ఆ పట్టణమంతా పిల్లులు. ఒకరి సొత్తు కావు, అందరూ చూసుకుంటారు. అంగళ్ల ముందు గిన్నెలలో నీళ్లు, మేత పెడతారు. చలికి తలదాచుకోవడానికి గోడవారగా చిన్న పెట్టెలు ఉంచుతారు. టీ కొట్టు కుర్చీలో పిల్లి నిద్రపోతుంటే దానిని లేపకుండా మనిషే వేరే కుర్చీ వెదుక్కుంటాడట. అక్కడి హగియా సోఫియా 537లో క్రైస్తవ దేవాలయముగా కట్టబడినది. 1453లో మసీదైనది, 1930లలో మ్యూజియమైనది, 2020లో మరల మసీదైనది. అందులో గ్లీ అనే పిల్లి 2020లో చనిపోయేవరకు సుమారు 16 ఏండ్లు బ్రతికింది. కట్టడము మారినా పిల్లిని ఎవరూ వెళ్లగొట్టలేదు.

మన ఊళ్లలోనైతే పిల్లి ఎదురొస్తే అపశకునమని వెనక్కి వచ్చి, కాసిన్ని మంచినీళ్లు త్రాగి బయలుదేరేవారు!

మొదటిగా, దేవుని కనికరము మనము వేసుకున్న కంచె కంటె విశాలమైనది. యోనా గ్రంథము చివరి వచనము చూడండి. నీనెవెలోని 1,20,000 కంటె ఎక్కువమంది జనమును గూర్చి మాట్లాడుతూ దేవుడు అక్కడి పశువులను కూడా లెక్కలోనికి తెచ్చాడు. నీతిమంతుడు తన పశువు ప్రాణమును పట్టించుకొనునని సామెతలు 12:10లో చదువుతాము. నోరులేని జీవికి నీళ్లు పెట్టే చెయ్యి, నోరున్నా భాషరాని మనిషిని కూడా గుర్తిస్తుంది.

రెండవదిగా, దేవుడు మనము అనుకోని చేతుల ద్వారా సహాయము పంపుతాడు. ఆ సహోదరి రోజూ ఉదయము మెట్ల దగ్గర పిల్లులకు కొంచెము మేత పెట్టేది. ఒకసారి జ్వరము వచ్చి రెండు రోజులు తలుపు తీయలేదు. పిల్లులు ఆ తలుపు ముందు చేరి అరవసాగాయి. క్రింది ఇంటి ముసలమ్మ ఆ అరుపు విని, మెట్లెక్కి వచ్చి తలుపు తట్టింది. మసూరు పప్పుతో కాచిన వేడి సూపు, నిమ్మచెక్క, రొట్టె తెచ్చి పెట్టింది. మూడు పూటలు అలాగే తెచ్చింది. ఆమె ముస్లిము, ఈమె క్రైస్తవురాలు. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఈమె డబ్బు ఇవ్వబోతే, ముసలమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకొని వద్దని తల ఊపి, రెండు మాటలు పలికింది: "తాన్‌రీ మిసాఫిరీ." రొట్టెల అంగడివాడిని అడిగితే అర్థము చెప్పాడు. పిలువకుండా వచ్చిన అతిథిని ఆ దేశస్థులు అలా అంటారు. అనగా 'దేవుని అతిథి'. మనము ఎరిగిన 'ముసాఫిరు' అనే మాటే అది.

ఇప్పుడు మెలితే ద్వీపమునకు రండి. ఓడ పగిలి 276 మంది తడిసి, చలికి వణకుతూ ఒడ్డు చేరారు. ఆ ద్వీపవాసులు సువార్త విన్నవారు కారు. అయినా వాన కురుస్తుండగా నిప్పు రాజేసి అందరినీ చేర్చుకొన్నారు. ఆ దయను పరిశుద్ధాత్మ దేవుడు లూకా చేత వ్రాయించాడు. పౌలు ఏమి చేశాడు? వారి నిప్పు దగ్గర చలి కాచుకొన్నాడు, తానూ పుల్లలు ఏరి తెచ్చాడు. తరువాత పొప్లి తండ్రి జ్వరముతో పడియుండగా అతని కొరకు ప్రార్థన చేశాడు. పెట్టడమే కాదు, పెట్టినది వినయముగా పుచ్చుకోవడము కూడా విశ్వాసి నేర్చుకోవాలి.

పరదేశములో అందరూ మంచివారేనని నేను చెప్పుట లేదు. ఎఫెసులో పౌలు మీద జరిగిన అల్లరి 19వ అధ్యాయములో ఉన్నది. జాగ్రత్త అవసరమే. అయితే భయము ఒక్కటే పూర్తి సత్యము కాదు. మన బిడ్డల కొరకు మెట్లెక్కి వచ్చే చేతులను కూడా దేవుడు సిద్ధపరచగలడు.

మూడవదిగా, మన గుమ్మము దగ్గర ఉన్న పరదేశి ఎవరు? మన ఊరి ఇటుక బట్టీలో ఒడిశా నుండి వచ్చిన కుటుంబమున్నది. కట్టుచున్న మేడ దగ్గర బీహారు కుర్రవాడున్నాడు. ఆదివారము మనము ఆరాధనకు వెళ్లేటప్పుడు వారు మనకు ఎదురొస్తారు. వారిలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా? ఆ కుర్రవాడికి జ్వరము వచ్చి రెండు రోజులు కనబడకపోతే, మనలో ఎవరైనా గమనిస్తామా? పరదేశిని చేర్చుకొంటే తన్ను చేర్చుకొన్నట్లేనని మత్తయి 25లో ప్రభువు చెప్పాడు. ఎరుగకయే దేవదూతలకు ఆతిథ్యమిచ్చినవారున్నారని హెబ్రీ పత్రిక జ్ఞాపకము చేస్తున్నది. అక్కడి రొట్టెల అంగళ్లలో ఒక వాడుక ఉన్నది. రెండు రొట్టెలకు డబ్బిచ్చి ఒకటి తీసుకొని, రెండవది లేనివారి కొరకు విడిచిపెడతారు. ఎవరు పెట్టారో తిన్నవారికి తెలియదు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని నేర్చుకొన్న మనకు ఇది కష్టమా?

ప్రియులారా, ఈ వారము ఒక్క పని చేయండి. మీ వీధిలో ఉన్న ఒక పరదేశి పేరు అడిగి తెలుసుకోండి. టీ ఇచ్చి కూర్చోబెట్టండి. మొదటి రోజే ప్రసంగము వద్దు. ముందు నిప్పు రాజేయండి.

ప్రార్థన చేసుకుందాము. కనికరముగల తండ్రీ, దూరదేశములలో ఒంటరిగా ఉన్న మా బిడ్డలకు తలుపు తట్టే చేతులను దయచేయుము. మా ఊరికి వచ్చిన పరదేశులకు మమ్మును అట్టి చేతులుగా చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.