వలస పక్షులు – కోళ్ల జ్వరము
(సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగనాడు కోళ్ల రోగమును గూర్చి ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. కారణము మనవి చేసెదము. గత శీతకాలమున మన ఊరి చెరువునకు ఎప్పటివలెనే బాతులు వచ్చినవి. తలపై రెండు నల్లని చారలుగల ఆ బూడిదరంగు పెద్దబాతులను మీరందరును ఎరుగుదురు. అవి బర్డ్ ఫ్లూ తెచ్చునని, టపాకాయలు కాల్చి తరిమివేయవలెనని మన సభ్యులలోనే కొందరు అన్నారు. వారి భయము ఊరక పుట్టినది కాదు. 2025 ఫిబ్రవరిలో పశ్చిమగోదావరి జిల్లా వేల్పూరులోను, తూర్పుగోదావరి జిల్లా కానూరులోను ఈ రోగము బయటపడినప్పుడు, అచ్చటి బంధువుల గోడు మనలో పలువురు విన్నారు. కనుక విషయము విచారించి సభకు చెప్పవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరినారు.

ఇది మన పల్లెలలో పెద్దలెరిగిన కొక్కెర తెగులు కాదు. అది వేరు, ఇది వేరు. ఇది ఇన్‌ఫ్లుయెంజా కుటుంబమునకు చెందిన వైరసు. దీని అసలు నివాసము నీటిపక్షుల ప్రేగులు. వాటిలో అది చాలవరకు సాధువుగా నుండి, రెట్టతో నీటిలో కలియును. చల్లని నీటిలో పలుదినములు నిలుచును. అది వేలకొలది కోళ్లను కిక్కిరిసి పెంచుచోట ప్రవేశించి, ఒకదాని నుండి మరొకదానికి ప్రాకుచు, ఒక్కొక్కప్పుడు రూపు మార్చుకొని ప్రాణాంతకమగును. అనగా సాధువును క్రూరునిగా మార్చినది చెరువు కాదు, మనము కట్టిన కొట్టము.

నేడు లోకమును బాధించుచున్న హెచ్5ఎన్1 వంశము 1996లో చైనాదేశపు గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమున పెంపుడు బాతులలో మొదట కనబడినది. 1997లో హాంకాంగులో 18 మందికి సోకి, ఆరుగురిని బలిగొన్నది. అటుపై పెంపుడు పక్షులనుండి అడవి పక్షులకు తిరిగి అంటినది. 2005లో చైనాలోని చింఘై సరస్సువద్ద ఆరువేలకు పైగా అడవి పక్షులు చనిపోయినవి. వాటిలో పెక్కు మన చెరువుకు వచ్చు చారలతల బాతులే. ఏడాది తిరుగకముందే రోగము సైబీరియా, ఐరోపా, ఆఫ్రికాలకు చేరినది. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూరున మనదేశములో మొదటిసారి బయటపడినది.

ఒక పక్షి ఖండమునుండి ఖండమునకు రోగము నెట్లు మోయును? ఒకే పక్షి మోయనక్కరలేదు. పూర్వము తపాలా సంచిని ఒక బంటు తన మజిలీవరకు పరుగెత్తి వేరొక బంటునకు అందించెడివాడు. ఇదియు అట్టిదే. ఆసియా, ఐరోపా, ఆఫ్రికాలలో చలికాలము గడపిన పక్షులు వేసవిలో ఉత్తరపు నీటిపట్టులలో కలిసికొనును. ఒకదాని రెట్ట కలిసిన నీటిని మరొకటి త్రాగును. శరదృతువున ఎవరి దారిన వారు దక్షిణమునకు మరలుదురు. కొన్ని బాతులకు వైరసు సోకినను జబ్బు పైకి కానరాదు. అవియే మంచి బంటులు.

ఈ విధముగానే 2014 చివర ఇట్టి వైరసు బేరింగు సముద్రముమీదుగా ఉత్తర అమెరికా చేరినది. మరుసటి సంవత్సరము అమెరికాలో సుమారు 5 కోట్ల కోళ్లు, టర్కీకోళ్లు చచ్చినవి, లేక చంపబడినవి. 2021 చివర వేరొక వైరసు ఐరోపానుండి అట్లాంటిక్ దాటి కెనడాలోని న్యూఫౌండ్‌లాండున దిగినది. 2022లో దక్షిణ అమెరికాకు ప్రాకి పెరూ తీరమున పెలికాన్ పక్షులను రాశులుగా చంపినది. 2024 ఫిబ్రవరిలో అంటార్కిటికా నేలపైననే కనబడినది.

కనుక పక్షులకు సంబంధమే లేదని మేము చెప్పము. అట్లు చెప్పిన అసత్యమగును. కాని తప్పంతయు వాటిదే యనుటయు అసత్యమే. 2004లో థాయిలాండునుండి ఒక ప్రయాణికుడు దొంగచాటుగా తెచ్చిన రెండు గద్దలను బ్రస్సెల్సు విమానాశ్రయములో పట్టుకొనగా, వాటిలో ఈ హెచ్5ఎన్1 ఉన్నది. ఆ గద్దలు రెక్కలతో రాలేదు, సంచిలో వచ్చినవి! పిల్లల కోళ్ల బేరము, కడుగని లారీలు, పంజరములు, గుడ్ల అట్టలు, మన చెప్పులు – ఇవన్నియు రోగవాహనములే.

మరి చెరువు పక్షులను తరుముట వలన నేమగును? బెదరిన మంద చెల్లాచెదరై పది చెరువులకు ప్రాకును. వాటితో రోగమును ప్రాకును. అందుచేతనే అడవి పక్షులను చంపుట ఈ రోగమునకు మందు కాదని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చెప్పినది.

మనము చేయవలసినవి వేరే కలవు. పెంపుడు కోళ్లను, బాతులను చెరువునకు వదలరాదు. చెరువు నీరు కోళ్లకు పెట్టరాదు. కొట్టమునకు వల కట్టి, వాకిట సున్నము చల్లి, లోపలికి వేరు చెప్పులు వాడవలెను. చచ్చిన పక్షిని వట్టి చేతులతో ముట్టరాదు. పిల్లలను దగ్గరకు పోనీయరాదు. పశువైద్యశాలకు వెంటనే కబురు చేయవలెను. కోళ్లను చంపివేయుదురను భయముతో దాచిన యెడల, ఒక కొట్టముతో పోవలసినది ఊరంతటిని ముంచును. బాగుగా ఉడికిన మాంసము, గుడ్లు తినుటకు భయము లేదు. 2003 మొదలు 2025 వరకు లోకములో ఈ జ్వరము సోకినట్లు లెక్కకు వచ్చినవారు వేయిమందికి మించరు గాని, వారిలో సుమారు సగము మంది మరణించినారు. కనుక నిర్లక్ష్యము పనికిరాదు.

ఈ కన్నడ దేశమున కొక్కరె బెళ్లూరు గ్రామస్థులు చెట్లపై గూళ్లు కట్టు కొంగలను పుట్టింటికి వచ్చిన ఆడపడుచులవలె చూచుకొందురు. మనమును ఈ నేలకు వలస వచ్చినవారమే. ఊరిలో జ్వరము వచ్చినప్పుడెల్ల మొదట వేలు చూపబడునది పరదేశివైపే యని మన పెద్దలు చెప్పగా వినియున్నాము. వలస వచ్చినదన్న ఒక్క కారణమున ఒక ప్రాణిని దోషి యనుటకు మనకు నోరు రాకూడదు.

ఉగాది నాటికి మన చెరువు ఖాళీ యైనది. బాతులు హిమాలయములు దాటి తమ గూళ్లకు మరలినవి. మరల కార్తికమున వచ్చును. ఆ లోపల మన కొట్టములు చక్కబెట్టుకొందము. చెరువును వాటికి విడిచిపెట్టుదము.

సెలవు.